మిస్ లిన్‌వుడ్ సూది, మన సోఫా దిండు

దసరా బొమ్మలు ఇంకా అటక ఎక్కకముందే దీపావళి సంచిక హడావుడి మొదలవుతుంది. ఈసారి ఆదివారం అనుబంధం నుంచి ఫోను: "ఇంటి అలంకరణ మీద ఏదైనా రాయండి, గురువారానికి కావాలి." 'ఏదైనా' అన్న మాటను నమ్మి చెడిపోయినవాళ్ళలో నేనొకదాన్ని. ఫోను పెట్టేసి చూసుకుంటే నా వీపు కింద క్లిమ్ట్ ఉన్నాడు.

క్లిమ్ట్ అంటే ఆయన వేసిన 'ముద్దు'. మా అమ్మాయి ఆన్‌లైన్లో తెప్పించిన ఐదు కుషన్ కవర్ల సెట్టులో అదొకటి. మిగతా నాలుగు: వాన్ గో 'నక్షత్రాల రాత్రి', ఆయనదే 'బాదం పూలు', వెర్మీర్ వేసిన ముత్యపు లోలాకు పిల్ల, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని పైకి చూస్తున్న రఫేల్ బుజ్జి దేవదూతలు. పార్శిలు విప్పిన రోజే మా అత్తగారు క్లిమ్ట్‌ను చూసి, "రేపు చుట్టాలొస్తున్నారు, దాన్ని వెనక్కి తిప్పి పెట్టమ్మా" అన్నారు. ఆ రోజు నుంచి మా సోఫాలో వియన్నా మహా చిత్రం గోడకేసి చూస్తూనే ఉంది.

మ్యూజియంలో తాడు కట్టి, పక్కన మనిషిని కాపలా పెట్టే బొమ్మను వీపు కింద వేసుకోవడం ఎప్పుడు మొదలైంది? ఇది మన కాలపు వెటకారం అనుకున్నాను. కాదట.

దిండు చరిత్ర రాయడం కష్టం. ప్రాచీన ఈజిప్టువాళ్ళు తల కింద కొయ్య పీటలు పెట్టుకునేవారు. కొయ్య గనక అవి మ్యూజియాల్లో మిగిలాయి. రోమన్లు దిండ్లకు ఆనుకుని భోంచేశారు. ఆ దిండ్లు మిగల్లేదు. మధ్యయుగాల్లో చర్చిలో మోకాళ్ళ కింద దిండు ఉంటే పెద్దమనిషి, లేకపోతే మామూలు మనిషి. ఇలా కొన్ని వేల ఏళ్ళను నాలుగు వాక్యాల్లో దాటేస్తున్నందుకు చరిత్రకారులు మన్నించాలి. శాసనం రాయి మీద ఉంటుంది, నాణెం రాగిలో ఉంటుంది. దిండును మాత్రం చెమ్మ, చిమ్మట, ఎలుక సమానంగా పంచుకుంటాయి.

కాస్త వెలుతురు కనిపించేది పదహారో శతాబ్దంలో. రఫేల్ 1515 ప్రాంతంలో పోపు కోసం పెద్ద పెద్ద చిత్రాలు వేశాడు, గోడకు తగిలించడానికి కాదు. వాటిని బ్రసెల్స్ నేతగాళ్ళకు పంపితే, వాళ్ళు ఉన్ని, పట్టు, జరీ కలిపి తెరలుగా నేసి ఇచ్చారు. 1519లో కొన్ని తెరలు సిస్టైన్ చాపెల్లో వేలాడాయి. ఆ రోజుల్లో అసలు విలువ నేతదే. చిత్రం దానికి నమూనా. ప్రభువులు దిండ్ల మీద కూడా బొమ్మలు కుట్టించుకున్నారు. ఇంగ్లండులో హార్డ్‌విక్ హాల్ యజమానురాలు బెస్ ఇంట్లో సామాన్ల జాబితా 1601లో రాసి పెట్టారు. అందులో బొమ్మల కథలు కుట్టిన పొడుగాటి దిండ్లున్నాయి: ఇస్సాకు బలి, సొలొమోను తీర్పు, వేటగాడిని జింకగా మార్చిన దేవత డయానా. అచ్చుబొమ్మలు చూసి కుట్టిన ఆ దిండ్లలో కొన్ని ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉన్నాయి.

అదే కాలంలో ఒక దిండు కోర్టుకెక్కింది. ఇంగ్లండులో బందీగా ఉన్న స్కాట్లండు రాణి మేరీకి కుట్టుపనే కాలక్షేపం. ఆకాశం నుంచి దిగిన చెయ్యి ఒకటి ద్రాక్షతీగను కత్తిరిస్తున్నట్టు ఒక దిండు కుట్టించి, తనను పెళ్ళాడాలనుకున్న నార్‌ఫోక్ ప్రభువుకు పంపింది. పైన లాటిన్ సూక్తి: గాయపడితేనే సత్తువ చిగురిస్తుందని దాని భావం. ఎండుకొమ్మ ఇంగ్లండు రాణి ఎలిజబెత్, చిగురు మేరీ అని అర్థం చెప్పుకోవడానికి పెద్ద పాండిత్యం అక్కర్లేదు. రాజద్రోహం ఆరోపణల్లో ఆ దిండు ప్రస్తావన కూడా వచ్చింది. నార్‌ఫోక్ తల 1572లో తెగింది.

ఇక్కడ మనవాళ్ళు ఒక్క పేరా అడ్డం వస్తారు. డచ్చివాళ్ళు 1605లో, ఇంగ్లీషువాళ్ళు 1611లో మచిలీపట్నంలో దిగింది బట్టల కోసమే. చిరివేరు ఎరుపు, నీలిమందు నీలం అద్ది, కలంతో గీసిన మన చీటిగుడ్డలు ఉతికే కొద్దీ వెలవకుండా మెరుస్తుంటే యూరప్ ఆడవాళ్ళు వెర్రెత్తిపోయారు. అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్ళు గోల పెట్టారు. ఫ్రాన్సు 1686లో వాటిని నిషేధించి 1759 దాకా ఆ నిషేధం ఎత్తలేదు. ఇంగ్లండు 1721లో చేసిన చట్టం 1722 క్రిస్మస్ నుంచి అమలైంది. అద్దకం నూలుబట్టను ఒంటి మీద వేసుకోకూడదన్నారు సరే. మంచానికి, కుర్చీకి, కిటికీ తెరకు, చివరికి దిండుకు కూడా వాడకూడదని పేరుపేరునా రాశారు. ఒక సామ్రాజ్యం పార్లమెంటులో కూర్చుని దిండు గలేబు గురించి చట్టం చేసిందంటే, మన కృష్ణా తీరపు అద్దకందారుకి అంతకంటే బిరుదు ఏం కావాలి!

సరే, నేను అసలు రాయాలనుకున్న మనిషి దగ్గరికి వచ్చేశాను. సంపాదకుడు గారు దీపావళికి ఏ రంగు దిండ్లు బాగుంటాయో రాస్తానని ఎదురుచూస్తుంటారు. ఆయన కూడా మన్నించాలి.

ఆవిడ పేరు మేరీ లిన్‌వుడ్. 1755లో బర్మింగ్‌హామ్‌లో పుట్టింది. తల్లి లెస్టర్ ఊళ్ళో ఆడపిల్లలకు బడి పెడితే ఆ బడిలో పెరిగి, తర్వాత ఆ బడినే నడిపింది. పెళ్ళి చేసుకోలేదు. ఆ కాలపు ఆడపిల్ల చదువంటే కాస్త ఫ్రెంచి, కాస్త పియానో, బోలెడు కుట్టుపని. అందరమ్మాయిలూ పువ్వులు, అక్షరమాల కుట్టుకుంటుంటే మేరీ పదమూడో ఏటనే ఏకంగా ఒక చిత్రం కుట్టిందట. ఇరవై దాటగానే, 1776లో, లండన్ చిత్రకారుల సంఘం ప్రదర్శనకు తన పని పంపింది.

ఎంచుకున్న గురువులు మామూలువాళ్ళు కారు. రఫేల్, గీదో రేనీ, కార్లో డోల్చీ, రైస్‌డాల్, ఇంగ్లండులో రేనల్డ్స్, గెయిన్స్‌బరో, జంతువుల చిత్రాలకు పేరుపడ్డ స్టబ్స్. వాళ్ళు నూనెరంగుల్లో వేసినవాటిని ఆవిడ ఉన్నిదారంతో తిరిగి వేసింది, చాలావరకు నిలువెత్తు కొలతల్లో. తనకోసం ప్రత్యేకంగా నేయించుకున్న బట్ట, ప్రత్యేకంగా రంగు వేయించుకున్న దారం. గళ్ళు లెక్కపెట్టి వేసే వరస కుట్టు కాదు. కుంచె ఎటు కదిలిందో సూదీ అటే కదలాలి. గడ్డి దగ్గర పొడుగు కుట్టు, బుగ్గ దగ్గర పొట్టి కుట్టు, నీడలో ఒకదాని మీద ఒకటి ఎక్కిన కుట్లు. సూదిలో దారం ఎక్కించడానికి తప్ప మరెవరి సాయమూ తీసుకునేది కాదని చెప్పుకునేవారు. నాలుగడుగుల దూరం నుంచి చూసినవాళ్ళు నూనెరంగేనని పొరబడేవారట.

ఇంత చేసినా రాయల్ అకాడమీ గుమ్మం ఆవిడకు మూసే ఉంది. 1768లో పుట్టిన ఆ సంస్థ, పుట్టిన కొద్దికాలానికే తన ప్రదర్శనకు పనికిరానివాటి జాబితా తయారుచేసింది: కుట్టుపని, కత్తిరింపు కాగితాలు, గుడ్డ పువ్వులు, గవ్వలతో చేసిన బొమ్మలు. అంటే సుమారుగా ఆడవాళ్ళు ఇంట్లో కూర్చుని చేసేవన్నీ. లిన్‌వుడ్ వాదన పెట్టుకోలేదు. సొంతంగా ప్రదర్శన పెట్టుకుంది.

1798లో లండన్ హానోవర్ స్క్వేర్‌లో తెరిచిన ఆ ప్రదర్శన తర్వాత వేరే ఊళ్ళు కూడా తిరిగి, చివరికి లెస్టర్ స్క్వేర్‌లో సావిల్ హౌస్ అనే భవనంలో స్థిరపడింది. ఒక్కరి పనితోనే నిండిన గ్యాలరీ నలభై ఏళ్ళకు దగ్గరగా నడవడం ఇవాళ కూడా వింతే. అరవైకి పైగా బొమ్మలు. వాటిని పెట్టిన తీరు మరీ వింత. ఆవిడకు చిత్రకళ ఎంత తెలుసో నాటకం కూడా అంత తెలుసు. నార్త్‌కోట్ వేసిన లేడీ జేన్ గ్రే బొమ్మ చూడాలంటే చీకటి సందులోంచి నడిచి వెళ్ళి జైలు ఊచల మధ్య నుంచి చూడాలి. స్టబ్స్ ఆడపులి గుహలో పడుకుని ఉంటుంది. గెయిన్స్‌బరో పల్లెపిల్లలకు ఒక గుడిసె. బైబిలు బొమ్మలకు వేరే గది, అక్కడ గొంతు తగ్గించి మాట్లాడాలి. గ్యాస్ దీపాలు వచ్చిన తొలిరోజుల్లోనే వాటిని బిగించి, సాయంత్రాలు కూడా జనాన్ని రప్పించింది. మా చిన్నప్పుడు ఊళ్ళో ఎగ్జిబిషన్ అంటే ఇలాగే ఉండేది: ఒక గుహ, అందులో నాలుగు బల్బులు, బయట చాంతాడంత వరస. చూసినవాళ్ళంతా చిత్రకళ అభిమానులై ఉంటారని నేననుకోను.

బొమ్మల్లో మకుటం కార్లో డోల్చీ క్రీస్తు. దానికి 3,000 గినీలు ఇస్తామంటే ఆవిడ అమ్మలేదు. గినీ అంటే పౌను మీద ఒక షిల్లింగు. ఆ డబ్బుతో లండన్‌లో ఇల్లు కొనుక్కుని బతికినన్నాళ్ళూ కూర్చుని తినొచ్చు. ఆవిడ లెస్టర్ బడికే తిరిగి వెళ్ళి పిల్లలకు పాఠాలు చెప్పింది. నెపోలియన్‌ను కుట్టింది, ఆయనతో ఇంగ్లండు యుద్ధం ఎన్నేళ్ళు నడిచిందో తెలిసి కూడా. హాప్నర్ అనే చిత్రకారుడు ఆవిడనే నూనెరంగుల్లో వేశాడు; సూది మనిషికి కుంచె మనిషి చేసిన నమస్కారం అది. ఈ రెండూ ఇప్పుడు లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి.

ఆఖరి పెద్ద బొమ్మ 'కయీను తీర్పు'. దానికి పదేళ్ళు పట్టింది. అది పూర్తయ్యేసరికి డెబ్బై దాటింది, చూపు సహకరించడం మానేసింది. 1845లో, తొంభైకి కొద్దిగా తక్కువలో, పోయింది. క్రీస్తు బొమ్మను విక్టోరియా రాణికి రాసిచ్చింది. అది ఇప్పటికీ రాజకుటుంబం సేకరణలో ఉంది. మిగతావన్నీ కలిపి ఒక్కచోట ఉంచాలని బ్రిటిష్ మ్యూజియాన్ని అడిగితే వద్దన్నారు. మరుసటేడు క్రిస్టీస్ వాళ్ళు వేలం వేశారు. పదేళ్ళ పని 'కయీను తీర్పు'కు 64 పౌన్లు పలికింది. ఓపీ వేసిన యెఫ్తా బొమ్మకు ఆవిడ కుట్టిన ప్రతికి 16 గినీలు. జనం ఎగబడి చూసిన గది ఒక్క మధ్యాహ్నంలో చవకబజారు అయిపోయింది. డికెన్స్ 'డేవిడ్ కాపర్‌ఫీల్డ్'లో కథానాయకుడు తన పాత దాదిని వెంటబెట్టుకుని ఈ ప్రదర్శనకు వెళతాడు. ఆ నవల వచ్చేనాటికే అది ముగిసిపోయింది, డికెన్స్ దాన్ని సమాధుల ఇల్లులా చూసి నవ్వుకున్నాడు. భవనం కూడా 1865లో కాలిపోయింది.

ఎందుకిలా జరిగింది? నాకు తోచేది ఒకటే. ఆవిడ తన చేతిని ఎంత గొప్పగా దాచుకుందంటే, దగ్గరికి వెళ్ళి చూసేదాకా అక్కడ సూది ఉందని ఎవరికీ తెలియలేదు. దాచుకున్న చేతికి వేలంపాటలో ధర కట్టరు. రఫేల్‌లా ఉంది అని పొగిడారు, అంటే రఫేల్‌నే పొగిడారు.

ఈలోగా బెర్లిన్‌లో ఇంకో సంగతి జరిగింది. అక్కడి అచ్చుపనివాళ్ళు 1804 ప్రాంతంలో గళ్ళ కాగితం మీద ప్రసిద్ధ చిత్రాలను చతురస్రాలుగా విడగొట్టి, ఒక్కో గడికి రంగు వేసి అమ్మడం మొదలుపెట్టారు. ఒక గడికి ఒక కుట్టు. లెక్కపెట్టడం వస్తే చాలు, కన్ను అక్కర్లేదు. 1831 నుంచి లండన్ రీజెంట్ వీధి కొట్టులో ఇవి కట్టలుకట్టలుగా దిగాయి. 1840 నాటికి 14,000 నమూనాలు వచ్చాయని ఆనాటి కుట్టుపని పుస్తకం ఒకటి లెక్క చెప్పింది. లియొనార్డో 'చివరి విందు' ఉన్నిలో వచ్చింది. చిత్రకారుడు లాండ్‌సియర్ వేసిన కుక్కలు వచ్చాయి. కుచ్చుల దిండు మీద కూర్చున్న కుక్కపిల్లను దిండు మీద కుట్టి, ఆ దిండు మీద నిజం కుక్కపిల్లను కూర్చోబెట్టుకున్న ఇళ్ళు తప్పకుండా ఉండే ఉంటాయి. 1856లో పెర్కిన్ అనే పద్దెనిమిదేళ్ళ కుర్రాడు తారులోంచి ఊదా రంగు తీసేసరికి, ఆ వెనకే వచ్చిన కృత్రిమ రంగులతో ఉన్ని దారాలు కళ్ళు మిరుమిట్లు గొలిపేలా తయారయ్యాయి. లిన్‌వుడ్‌కు పదేళ్ళు పట్టిన చోట ఇప్పుడు ఒక శీతాకాలం సరిపోతోంది.

ఈ గళ్ళ కాగితం నాకు పరాయిది కాదు. మా అమ్మ దోసూతి గుడ్డ మీద ఎక్స్ కుట్టుతో రెండు చిలకలు కుట్టింది. నమూనా వారపత్రికలో గళ్ళతోనే వచ్చేది. అమ్మ పెదవులు కదుపుతూ గళ్ళు లెక్కపెడుతుంటే మధ్యలో పిలిస్తే మొట్టికాయ పడేది. లోపల బూరుగుదూది. ఒక చిలకకు ముక్కు ఒక గడి ఎక్కువ వచ్చి గద్దలా కనిపిస్తుంది. మొట్టికాయకు కారణం నేనే, ముక్కుకు కూడా.

ఇంగ్లీషు డిజైనర్ విలియం మోరిస్ ఈ బెర్లిన్ ఉన్ని మీద, తారు రంగుల మీద తిరగబడ్డాడు. 1883లో మెర్టన్ ఆబీ కార్ఖానాలో నీలిమందు తొట్టిలో ముంచి అచ్చువేసిన 'స్ట్రాబెర్రీ దొంగ', ఆయన కెల్మ్‌స్కాట్ తోటలో పండ్లు ఎత్తుకుపోయే పిట్టల బొమ్మ. ఇవాళ ప్రపంచంలో కుషన్ల మీద అత్యధికంగా కనిపించే పిట్టలు అవేనేమో. చేతిపనిని కాపాడాలని జీవితమంతా పోరాడినవాడి బొమ్మ యంత్రం మీద మీటర్ల లెక్కన దిగుతోంది.

ఇరవయ్యో శతాబ్దం దగ్గరికి వచ్చేసరికి నా దారం చిక్కుపడుతుంది. ఎవరు ముందో, ఎవరు వెనకో చెప్పడం కష్టం. క్లిమ్ట్ 1908లో పూర్తి చేసిన 'ముద్దు' కొలత 180 సెంటీమీటర్లకు 180, చదరం. కుషన్ కోసమే పుట్టినట్టు ఎక్కడా కత్తెర పడక్కర్లేదు. వెర్మీర్ పిల్ల అసలు చిత్రం 44.5 సెంటీమీటర్లకు 39. మన 16 అంగుళాల కుషన్‌కు ఇంచుమించు అంతే కొలత. అంటే అసలు ఎంతుందో అంతే వేసి ఇస్తున్నారు. ఆ చిత్రాన్ని 1881లో హేగ్ వేలంలో రెండు గిల్డర్లకు, పైన ముప్ఫై సెంట్లకు కొన్నారు. వాన్ గో 'బాదం పూలు' 1890లో తమ్ముడికి కొడుకు పుట్టాడని వేసింది, పడకగదిలో మంచం పైన పెట్టుకోవడానికి. దిండు దాకా అది వచ్చిన దూరం మూడడుగులే. రఫేల్ దేవదూతలది మరో కథ. డ్రెస్డెన్‌లో ఉన్న మేరీమాత చిత్రానికి వాళ్ళు అడుగున కూర్చున్న చిల్లర పాత్రలు. పంతొమ్మిదో శతాబ్దం వాళ్ళిద్దరినీ కత్తిరించి బయటికి తెచ్చింది. ఇప్పుడు మేరీమాత ఎవరో తెలియని ఇళ్ళల్లో కూడా వాళ్ళు మకాం పెట్టారు.

ఈ చిత్రాలన్నీ దిండ్ల మీద ఎవరు అచ్చువేసుకోవచ్చు? చిత్రకారుడు పోయిన తర్వాత యూరప్‌లో 70 ఏళ్ళు, మన దేశంలో 60 ఏళ్ళు హక్కు ఉంటుంది. 1918లో పోయిన క్లిమ్ట్ ఎప్పుడో అందరివాడయ్యాడు. 1973లో పోయిన పికాసో ఇంకా కాలేదు. అందుకే కుషన్ సెట్లలో వాన్ గో ఉన్నంత విచ్చలవిడిగా పికాసో ఉండడు. ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియం తన చిత్రాలను పెద్ద సైజులో ఎవరైనా దించుకోవచ్చని వెబ్‌సైట్లో పెట్టేసింది. ఇటలీ అలా కాదు. బొత్తిచెల్లి వీనస్‌ను అనుమతి లేకుండా బట్టల మీద వేసినందుకు ఫ్లోరెన్స్ ఉఫీజి మ్యూజియం 2022లో జాన్ పాల్ గోతియే ఫ్యాషన్ సంస్థ మీద దావాకు దిగింది. బొత్తిచెల్లి పోయి అప్పటికి ఐదొందల ఏళ్ళు దాటింది.

ఇక తయారీ. బొమ్మను కాగితం మీద ప్రత్యేకమైన సిరాతో అచ్చువేసి, తెల్ల పాలియెస్టర్ గుడ్డ మీద బోర్లించి, 200 డిగ్రీల వేడిలో నొక్కితే సిరా ఆవిరై దారంలోకి ఇంకిపోతుంది. నిమిషం కూడా పట్టదు. నూలుబట్ట ఈ రంగును పట్టుకోదు. అంటే మచిలీపట్నం నూలు గుడ్డ మీద వాన్ గో నిలవడు. దీన్ని మన పాత పగ తీరడంగా చెప్పుకోవాలని నాకు చాలా కోరికగా ఉంది.

క్లిమ్ట్ కవరు విప్పి లోపల చూశాను. కుట్టు వరస వంకర లేకుండా ఉంది, జిప్పు బాగుంది. ఆ వంకర లేని కుట్టు వేసింది యంత్రమే అయినా దాని ముందు కూర్చున్నది ఒక మనిషి. లేబుల్ మీద చల్లనీళ్ళలో ఉతకమని ఉంది, ఇస్త్రీ వద్దని ఉంది.

పండక్కి అటకలు, ట్రంకు పెట్టెలు దులుపుతారు కదా. దోసూతి గుడ్డ మీద అమ్మమ్మో, మేనత్తో కుట్టిన దిండు గలేబు దొరికితే పాతగుడ్డల మూటలో వేయకండి. ఎవరు కుట్టారో, ఏ ఊళ్ళో, ఏ ఏడాదో ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి, చీటీ మీద పెన్సిలుతో రాసి మడతలో పెట్టండి. పెన్నుతో వద్దు, సిరా గుడ్డకు దిగుతుంది.